పాత అయస్కాంతం

మదనపల్లె ల్యాబులో ప్రయోగం చెడినప్పుడల్లా మా సారు ఫ్లాస్కు రబ్బరు మూత మీద బొటనవేలు నొక్కిపట్టి, "గాలి తగిలుంటాదమ్మా," అనేవారు.

ఖరీదైన పల్లాడియం లేకుండా ఇనుముతోనే పనిచేసే ఉత్ప్రేరకం ఆయన ఇరవై ఏళ్ల కష్టం. ఆయన చేతిలో పనిచేసేది. నా చేతిలో గానీ, కుప్పంలో ఆయన పాత శిష్యుడి చేతిలో గానీ ఒక్కసారీ పనిచేయలేదు.

ఆయన రిటైరయ్యే ఏడాది తేడా ఎక్కడుందో నాకు దొరికింది. ద్రావణం కలపడానికి ఫ్లాస్కులో వేసే చిన్న అయస్కాంతం ఆయనది పాతది. దాని తెల్ల తొడుగు మీద నల్ల మరకలున్నాయి. అది వేస్తే నాకూ పనిచేసింది. ఆ మరకలు ఎప్పటివో పల్లాడియం ప్రయోగాలవి; ఇన్నాళ్లూ పనిచేసింది ఇనుము కాదు, ఆ మరకల్లోని పల్లాడియమే.

చెప్పడానికి రెండు వారాలు పట్టింది. విని, "ఇట్లియ్యమ్మా," అన్నారు. దాన్ని ఆమ్లంలో తెల్లగా కడిగి, తన చేత్తోనే ప్రయోగం పెట్టారు. నా పుంగనూరు బస్సు వెళ్లిపోయేదాకా ఇద్దరం కూర్చున్నాం. ఫ్లాస్కులో ఏమీ జరగలేదు.

తట్టుకోలేక నేనే అన్నాను, "గాలి తగిలుంటాది సార్."

ఆయన బొటనవేలు మూత మీదే ఉంది.

"లేదమ్మా. ఈసారి గాలి తగల్లేదు."