దిగని హెలికాప్టర్

సూర్యాపేట ఫైర్ స్టేషన్‌లో రిటైరయ్యాక ఇంట్లో కుదురుగా కూర్చోవడం నా వల్ల కాలేదు. వేములపల్లి దగ్గర ఒక రైస్ మిల్లు కుర్ర యజమాని ఫోన్ చేసి, తమ హెలిప్యాడ్‌ను మళ్ళీ వాడొచ్చో లేదో చూసి రాసిమ్మంటే, మోకాళ్ళు వద్దంటున్నా ఒప్పుకున్నాను.

కోదాడలో ఆరుంబావుకి బస్సెక్కాను. హుజూర్‌నగర్‌లో ఇడ్లీ తిన్నాను, చట్నీ అంతా నీళ్ళే. గరిడేపల్లి దాటాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. తొమ్మిదికి మిర్యాలగూడలో దిగి ఆటో మాట్లాడుకున్నాను.

"గాడికి ఎవ్వరు పోరు సార్, ఒక్క మరియమ్మ తప్ప," అన్నాడు ఆటో డ్రైవర్. మరియమ్మ ఆ మిల్లులో కూలీ. కిందటేడు పెద్దసారుకి, అంటే కుర్ర యజమాని తండ్రికి, గుండెపోటు వస్తే హెలికాప్టర్‌ను పిలిపించారట. అప్పటికి మరియమ్మ ఆ కాంక్రీటు మీద వడ్లు పోసి టార్పాలిన్ కప్పి ఉంది. రెక్కల గాలికి టార్పాలిన్ పైకి లేచేసరికి పైలట్ దిగకుండానే తిప్పేశాడు. పెద్దసారు కారులో హైదరాబాద్ చేరకముందే పోయాడు.

మేం వెళ్ళేసరికి ఆమె ఊడుస్తోంది. నేను నా పని మొదలుపెట్టాను. హెలికాప్టర్ వచ్చే దారికీ లేచే దారికీ తీగలు, చెట్లు అడ్డం ఉండకూడదు. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం పైనుంచి కనపడాలి. నేల మీద గులకరాయి కూడా ఉండకూడదు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు, నాకది అలవాటు లేని సంగతి.

ఎండ మండుతోంది, ఆకు కదలడం లేదు. మరియమ్మ చీపురు ఆపి పైకి చూసింది.

"వస్తున్నది," అంది మెల్లగా.

అంచు దాకా వెనక్కి నడిచి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వంగి నిలబడింది. ఆకాశంలో ఏమీ లేదు, చప్పుడూ లేదు. అయినా నేనూ అంచుకి జరిగి ఉన్నానని కాసేపటికి గాని తెలియలేదు. కాసేపటికి "దిగలే," అని ఆమె మళ్ళీ చీపురందుకుంది. రోజూ ఇంతేనట.

నీడకి పిలిచి, వడ్లు అక్కడ పోయమన్నదెవరని అడిగాను. ఖాళీగానే ఉంది కదా, వడ్లు పోసుకొమ్మని చెప్పింది పెద్దసారేనట. తప్పు నీది కాదమ్మా అన్నాను. దిగేముందు నేల చూసేందుకు ఒక మనిషిని పెట్టాలని రూలు, ఆ మనిషిని మిల్లువాళ్ళు పెట్టలేదని చెప్పాను.

"ఇప్పుడు నేనున్న గద సారూ. నేలంత సాఫున్నదని రాయుండ్రి. ఈసారన్న దిగుతది."

మూడింటి బస్సులో కిటికీ పక్కన కూర్చుని రిపోర్టు రాశాను. సర్వీసంతటిలో ఎప్పుడూ చేయని పని, అన్నీ సరిగ్గా ఉన్న స్థలాన్ని పనికిరాదని రాశాను, కాంక్రీటు తవ్వించి పొలంలో కలిపేయమన్నాను. నా భయం హెలికాప్టర్ గురించి కాదు, మరియమ్మ గురించి. తవ్వించినా ఆమె అక్కడికి రావడం మానుతుందన్న నమ్మకం మాత్రం కోదాడ చేరినా నాకు కుదరలేదు.