కూతురి కొట్టుకు స్క్రూలు పెట్టని మేస్త్రి

మా ఊళ్ళో కొట్టు మూసేద్దామనుకున్నవాడు ఆ మాట ముందు మా బావకి చెబుతాడు, తరవాతే ఇంట్లో పెళ్ళానికి చెబుతాడు. బావ వడ్రంగి. ఇళ్ళ తలుపులూ మంచాలూ చేయడం ఎప్పుడో మానేశాడు. కొత్త కొట్లకు కౌంటర్లు, అరలు, సొరుగులు చేసి బిగించడం, ఆ కొట్టు మూతపడగానే వెళ్ళి అవన్నీ ఊడదీసి తెచ్చుకోవడం, రంగు మార్చి ఇంకో కొత్త కొట్టులో అమర్చడం, ఇదీ ఆయన పని.

పని మాత్రం తెగ ఉంటుంది. పెద్ద ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఊళ్ళో జీతగాళ్ళు తగ్గిపోయి అందరూ ఓనర్లయ్యారు. ఎవరో పెద్దమనుషులు వచ్చి మీటింగు పెడతారు. "ఉద్యోగం అడక్కండి, పదిమందికి ఉద్యోగం ఇవ్వండి" అంటారు. చప్పట్లు కొట్టించుకుని కారెక్కి చక్కా పోతారు. విన్న కుర్రాళ్ళు ఉన్నదంతా ఊడ్చి కొట్టు పెడతారు. సెల్‌ఫోన్ల కొట్టులో పుట్టిన ఒక కౌంటరు మందుల కొట్టుకు వెళ్ళి, అక్కణ్ణుంచి కేకుల కొట్టుకు వెళ్ళి, ఇప్పుడు జిరాక్సు కొట్టులో ఉంది. అది అంతకుముందు ఎవరిదో బావ చచ్చినా చెప్పడు.

"శుభమా అని మొదలుపెడుతున్నవాడికి ఆ సంగతులెందుకురా?" అంటాడు.

ఎప్పటికైనా ఊడదీయాల్సిందే కాబట్టి ఏది చేసినా స్క్రూలతోనే బిగిస్తాడు. మేకు కొట్టడు, జిగురు ముట్టడు. అందుకే ఊళ్ళో ఆయన పేరు స్క్రూ మేస్త్రి. "కలకాలం ఉండేలా చెయ్యి మేస్త్రీ" అని ఎవరైనా అంటే, అలాగేనని తలూపి స్క్రూలే బిగించేవాడు. నేను చాటుగా నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే అందులో నవ్వాల్సిందేమీ కనబడదు.

ఆయనకు ఒక్కతే కూతురు. చదువు కాగానే ఒక కళ్ళజోళ్ళ షాపులో చేరి, అద్దాలు అరగదీయడం దగ్గర్నుంచి అన్నీ నేర్చుకుంది. ఒకరోజు అన్నం తింటూ, సొంతంగా షాపు పెడతానంది. బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఊళ్ళో వాళ్ళ కొట్లన్నీ నేనే విప్పానే. నీది కూడా నాచేతే విప్పిస్తావా?"

"నాది అలా పోదు నాన్నా."

"అందరూ ఆ మాటే అన్నారమ్మా."

మా అక్క ఇద్దరి మధ్యా పడి నలిగిపోయింది. చాలాకాలం తండ్రీ కూతుళ్ళు ఎడమొహం పెడమొహంగా తిరిగారు. పిల్ల పట్టు విడవలేదు. చివరికి బావే దిగొచ్చి, పాతవి ముట్టుకోకుండా కొత్త టేకు కొన్నాడు.

పని జరుగుతున్నప్పుడు చూద్దామని వెళ్తే పక్కన జిగురు డబ్బా కనబడింది. గోడ తవ్వి, ఇనప కమ్మీలు దించి, సిమెంటు పోసి మరీ కౌంటరు నిలబెడుతున్నాడు.

"ఏంటి బావా, స్క్రూలు దొరకలేదా?" అన్నాను.

"దొరక్కేం. చేతులు రాలేదురా. నా కూతురి కొట్టుకి స్క్రూ పెడితే, ఇది పోతుందని నా నోటితో నేనే అన్నట్టు కాదూ?"

అంత చక్కటి కౌంటరు ఆయన అంతకుముందు చేయలేదు. సొరుగు వేలితో తోస్తే చాలు, చప్పుడు లేకుండా మూసుకునేది. అమ్మాయి ఫ్రేములన్నీ వరసగా పేర్చి, ఎదురుగా అద్దం పెట్టుకుని, వచ్చినవాళ్ళ ముక్కూ మొహమూ చూసి ఏది నప్పుతుందో చెప్పేది. కొన్నాళ్ళు బాగానే సాగింది. తరవాత నాలుగు రోడ్ల కూడలిలో ఒక కంపెనీవాళ్ళు పెద్ద షాపు తెరిచి, ఒకటి కొంటే ఇంకొకటి ఉచితం అన్నారు. జనం అక్కడ కొనుక్కుని, వంగిపోతే సరిచేయించుకోవడానికి మాత్రం ఈ పిల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు. సిగ్గులేని జనం! ఆ పిల్ల ఎవరినీ పొమ్మనేది కాదు, నవ్వుతూనే సరిచేసిచ్చేది.

సాయం చేసే మనిషిని మానిపించింది. పొద్దున షాపు తెరిచే ముందు వేరే షాపులకు అద్దాలు అరగదీసి ఇచ్చేది. ఎలా ఉందే అని అక్క అడిగితే, బాగానే ఉందమ్మా అనేది. బావ ఏదో వంకతో ఆ వీధిలోంచి వెళ్ళి, కొట్టు ముందు బండి ఏదైనా ఆగి ఉందా అని చూసి వచ్చేవాడు. లోపలికి మాత్రం వెళ్ళేవాడు కాదు. పిల్ల చిక్కి సగమైంది. ఇంకా ఎందుకు లాగుతోందో నాకు అర్థమయ్యేది కాదు.

చివరికి మూసేసింది. ఆ సంగతి తండ్రికి చెప్పమని నాకు చెప్పింది. చెప్పాను. బావ "ఊఁ" అన్నాడు, అంతే.

ఖాళీ చేసే రోజు నేనూ వెళ్ళాను. అలవాటు కొద్దీ బావ స్క్రూడ్రైవరు తీశాడు, మళ్ళీ సంచిలో పెట్టేశాడు. ఆ కౌంటరు ఊడివచ్చేది కాదు, పగలగొట్టాల్సిందే. సుత్తి, గునపం తీసుకున్నాడు. టేకు చెక్క నిలువునా చీలుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. అమ్మాయి పక్కనే కూర్చుని ఫ్రేములు ఒక్కొక్కటే కాగితంలో చుట్టి పెట్టెలో సర్దుతోంది. తండ్రి మొహం చూసి, ఓదార్చడానికే కాబోలు, మాట కలిపింది.

"నిజానికి పోయినేడే మూసేయాల్సింది నాన్నా. స్క్రూలు లేవని మొదటి రోజే చూశాను. నామీద ఇంత నమ్మకం పెట్టుకుని చేశావు, ఎలా మూయను? అందుకే ఇన్నాళ్ళూ లాక్కొచ్చాను."

బావ గునపం కింద పెట్టేశాడు.

"నమ్మకం కాదమ్మా," అన్నాడు. "భయం. భయం వేసే అలా చేశాను."

అమ్మాయి చేతులు ఆగిపోయాయి. ఆయన వంక చూసింది.

"అప్పుడే చెప్పాల్సింది నాన్నా," అంది.

కోపంగా కూడా అనలేదు. కోప్పడి ఉంటే బావ తట్టుకునేవాడు.