కంకిపాడు దగ్గర ఎగువకు పారిన నీళ్లు

డెబ్బైలలో నేను బెజవాడలో కాలువల డిజైన్లు చేసే ఒక ఆఫీసులో జూనియర్ ఇంజనీరుని. ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, కాలువలో ఎక్కడ నీళ్లు ఎంత ఎత్తున ఉంటాయో లెక్కగట్టే ప్రోగ్రాం రాసే పని నా మీద పడింది. కంప్యూటరేమో హైదరాబాదులో ఉంది. ప్రోగ్రాంలో ఒక్కో వరుసకు ఒక్కటి చొప్పున చిల్లులు పొడిచిన పంచ్ కార్డుల పెట్టెను ఒళ్లో పెట్టుకుని రైల్లో వెళ్లేవాణ్ణి.

అక్కడి ఆపరేటరు ఒకసారి నా మొదటి కార్డు చూసి జాలిపడ్డాడు.

"ఆప్టిమైజేషన్ సున్నా పెట్టారేంటండీ? రెండు పెట్టండి. మీ ప్రోగ్రాంని మెషిన్ భాషలోకి మార్చేటప్పుడు అనవసరమైన పనులన్నీ కంపైలరే తీసేస్తుంది. పావుగంట పని ఐదు నిమిషాల్లో అయిపోద్ది."

పెట్టాను. నిజంగానే ఐదు నిమిషాల్లో అయిపోయింది.

మెషిన్ అచ్చువేసిచ్చిన కాగితాలను మా పెద్ద ఇంజనీరుగారు కళ్లకద్దుకున్నంత పని చేశారు. డ్రాయింగు సెక్షన్లో ట్రేసరుగా పనిచేసే ఆవిడ మాత్రం ఆ అంకెలతో పటం గీస్తూ మధ్యలో ఆగిపోయింది. పాస్టరుగారి అమ్మాయి. తప్పును తప్పనడానికి మొహమాటపడేది కాదు.

"కంకిపాడు దాటాక నీళ్లు ఎగువకి పారుతున్నాయండీ. పై లాకు కంటే కింది లాకు దగ్గరే అడుగున్నర ఎత్తు చూపిస్తోంది."

"మెషిన్ తప్పు చెయ్యదమ్మా. సర్వేలోనే తప్పుంటుంది," అన్నారు పెద్ద ఇంజనీరుగారు. సర్వేవాళ్లను మళ్లీ పంపారు. వాళ్లు వారం రోజులు ఎండలో గట్ల వెంట నడిచి పాత అంకెలే తెచ్చారు. ఆయన మెషిన్ను వదిలి వాళ్లనే అనుమానించారు.

నేను మళ్లీ హైదరాబాదు వెళ్లాను. తప్పు ఎక్కడుందో చూద్దామని, మధ్యలో నీటి లోతును అచ్చువేయమని ఒక కార్డు చేర్చాను. నీళ్లు బుద్ధిగా పల్లానికి పారాయి. ఆ కార్డు తీసేశాను. మళ్లీ ఎగువకు ఎక్కాయి. చూస్తుంటే ఒకలా, చూడకపోతే ఇంకోలా నడిచే ప్రోగ్రాంతో నాకు ఏడుపొక్కటే తక్కువ. చివరికి మొదటి కార్డులో ఆప్టిమైజేషన్ రెండు తీసేసి మళ్లీ సున్నా పెట్టాను. పావుగంట పట్టింది, అంకెలు సవ్యంగా వచ్చాయి. అడుగడుగునా మారే లోతును మారదనుకుని, కంపైలర్ ఒక్కసారే లెక్కగట్టి ఊరుకుందన్నమాట. అచ్చువేయమన్నప్పుడు మాత్రం ప్రతిసారీ లెక్కగట్టక తప్పలేదు.

ఆపరేటరుతో అదే చెప్పాను.

"మీ ప్రోగ్రాంలోనే ఏదో ఉండుంటదండీ. రెండు పెట్టినవాళ్లెవరూ ఇంతవరకూ కంప్లైంట్ చెయ్యలేదు," అన్నాడు. వాళ్లలో ఎందరు తమ అంకెలతో పటం గీసి చూశారో నేను అడగలేదు.

ట్రేసరు ఆవిడ లాగరిథం పుస్తకం దగ్గర పెట్టుకుని, కొత్త కాగితాల్లోని అంకెలను రెండు రోజులు చేత్తో సరిచూసి, "ఇప్పుడు గీస్తానండీ," అంది. పెద్ద ఇంజనీరుగారు మాత్రం ఫైల్లో "సర్వే మళ్లీ చేయించిన తర్వాత లెక్క సరిపోయింది" అని రాశారు.

మనసు ఒప్పక, సర్వేవాళ్ల దగ్గరికి వెళ్లి తప్పు మీది కాదని చెప్పాను. అందరిలోకీ పెద్దాయన చుట్ట పక్కన పెట్టి నవ్వాడు.

"మాకు తెలుసు కదండీ. మేం కాలవలో దిగి చూశాం. మీ మెషినే రాలేదు."