వెనుక బండిలో వస్తానన్నాను

“అవ్వా, నువ్వు ఎనుక బండిల వస్తవ్ గదా?”

“వస్త బిడ్డా. నువ్వు జర ఎక్కు.”

మా ఆయన పోయాక నల్లగొండలో అనాథ పిల్లల ఆశ్రమంలో ఆయాగా చేరాను. అక్కడ నాలుగేళ్ల స్వప్నను ఇటలీ దంపతులు దత్తత తీసుకున్నారు. నెల రోజులు వాళ్ల ఫొటో చూపించి, “గీమెనే మీ అమ్మ” అని నేర్పాను. పిల్ల భయపడి నా కొంగులో దూరేది. పిల్లకు అబద్ధం మాత్రం చెప్పొద్దని ఆశ్రమం మేడం ముందే అంది. వెళ్లే రోజు పిల్ల గేటు పట్టుకుని వదల్లేదు. తీసుకెళ్లడానికి వచ్చిన కొత్త తల్లి ముఖం పాలిపోయింది. ఈ దత్తత ఎక్కడ తప్పిపోతుందోనన్న భయంతో, వెనుక బండిలో వస్తానని అనేశాను. పిల్ల వెంటనే బండి ఎక్కింది. మలుపు తిరిగేదాకా వెనుక అద్దంలోంచి చూస్తూనే ఉంది.

ఇటలీలో దిగాక నేనేదని అడిగితే, ఆ పిల్ల తెలుగు ఎవరికి అర్థమవుతుంది? ఆ భయం ఇంకా పోలేదు.

నాకు రాయడం రాదు; నేను చెప్తుంటే మా చెల్లె బిడ్డ సుజాత ఇదంతా రాస్తోంది.

“సుజాతా, నేను వస్తనన్నది దాయకుండ రాసినవా? జర చదువు, నేనింట.”