గింజ పెట్టని ఆట

తాఫో స్టాండులో ట్రోట్రో వ్యాన్ల డ్రైవర్లు బండి నిండేదాకా ఫోన్లలో ఫుట్‌బాల్ ఆడుకుంటారు. ఆ పక్కనే బిరాగో ఫోన్ల రిపేరు దుకాణం. ఆ ఫుట్‌బాల్ ఆటకు అంత పేరెందుకో ఆమెకు ఎన్నడూ అర్థం కాలేదు. ఏటా చొక్కాల రంగు మార్చి పాత సరుకే అమ్ముతున్నారు. వామనగుంటల్లాంటి ఓవారే ఆటను తాను ఏళ్ల తరబడి కూర్చుని ఫోన్లోకి ఎక్కిస్తే మాత్రం స్టాండులో ముట్టుకున్నవాడు లేడు.

"నీ ఆటకి రావాల్సిన పేరు రాలేదులే అక్కా. ముందు పేరున్న ఆట ఆడుకునే నా ఫోను చూడు," అనేవాడు డ్రైవర్ బొవాచి.

ఆ మాటలు ఆమె పట్టించుకోలేదు. ఆమెకు కావలసింది మేనమామ అజెకుమ్ మెప్పు. ఓవారే నేర్పింది ఆయనే. రోజూ స్టాండు బల్ల మీద గుంటల చెక్క పలక పెట్టుకుని కూర్చుంటాడు. ఫోను ఇస్తే తోసేసేవాడు. "నలుగురూ మెచ్చాక చూపించవే పిల్లా. అప్పుడు ఆడతా."

మెచ్చేవాళ్లకు బదులు తిట్టేవాళ్లు వచ్చారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో ఒకటే ఫిర్యాదు: "ఓడిపోతున్నవాడికి నేనెందుకు గింజలివ్వాలి? ఇది తప్పు, సరిచేయండి." ఎదుటివాడి గుంటలు ఖాళీ అయితే అతనికి గింజలు చేరేలా ఆడి తీరాలి. ఓవారేలో ఎదుటివాణ్ణి పస్తు పెట్టి గెలవడం సిగ్గుమాలిన పని. మొదట్లో బిరాగో నవ్వుకుంది. తర్వాత ఒక ఉదయం, టీ చల్లారేలోపే, ఆ నియమం తీసేసింది.

ఆట దూసుకుపోయింది. "ఇన్నాళ్లూ మనం చిన్నచూపు చూసిన ఆణిముత్యం" అని ఎవరో విదేశీయుడు వీడియో పెట్టాడు. స్టాండులో ఫుట్‌బాల్ మూలపడింది. చివరికి మామయ్యే చెయ్యి చాచాడు. "ఏదీ, ఇటివ్వు."

బొవాచితో ఆడాడు. కాసేపటికి బొవాచి గుంటలన్నీ ఖాళీ. "ఆగరా, నీకు గింజలు పెట్టాలి," అంటూ మామయ్య వేలు ఆనించేలోపే ఫోను బాకా ఊది ఆయన్ను విజేతను చేసింది.

"ఇదేంటే? వాడి దగ్గర గింజే లేదు. నేనెట్లా గెలిచాను?"

"ఇట్టాగే బాగుంది పెద్దాయనా," బొవాచి నవ్వాడు. "ఓడేవాణ్ణి మేపుతూ కూర్చుంటే బండెప్పుడు కదులుద్ది?"

మామయ్య మేనకోడలి వైపు తిరిగాడు. "నువ్వే తీసేశావా?"

"జనం అడిగారు మావయ్యా."

"ఏ జనం?"

ఆయన ఫోనును బల్ల మీద బోర్లించి లేచిపోయాడు.

బిరాగో నియమాన్ని తిరిగి పెట్టింది. "మంచి ఆటను పాడుచేశారు" అంటూ జనం విరుచుకుపడ్డారు. భయపడి మళ్లీ తీసేసింది. ఈలోగా కుర్ర డ్రైవర్లు చెక్క పలక మీద కూడా ఎదుటివాడికి గింజ పెట్టడం మానేశారు. మామయ్యతో ఆడేవాళ్లు తగ్గిపోయారు. ఆయన చాదస్తం భరించలేమన్నారు.

ఒక ఆదివారం ఆమె వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. "ఒక్క ఆట మావయ్యా. పలక మీదే."

ఆయన గింజలు సర్దాడు. ఆమె వైపు త్వరగానే ఖాళీ అయింది. ఆయన చివరి గుంటలో గింజలు కుప్పగా ఉన్నాయి. అవి కదిలిస్తే ఆమెకు చేరతాయి. ఆమె ఎదురుచూసింది. మామయ్య ఆ గింజలన్నీ దోసిట్లోకి ఎత్తుకుని తన ఒళ్లో పోసుకున్నాడు.

"మావయ్యా, నాకు పెట్టాలి కదా."

"లోకం మెచ్చిన ఆట ఇదేనటగా తల్లీ," అన్నాడు తలెత్తకుండా. "నేనూ నేర్చుకుంటున్నా."