ఫార్ములాకు ఒక మార్కు

2009 మార్చిలో మా డిపార్ట్‌మెంట్ చైర్, అంటే విభాగాధిపతి, నాకు సునీత క్లాసు పరిశీలన అప్పగించింది. న్యూజెర్సీలో, పిస్కాటవేకి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక కమ్యూనిటీ కాలేజీలో నేను గణితం అసోసియేట్ ప్రొఫెసర్‌ని. అక్కడ అది నా పదిహేడో సంవత్సరం. అంతకుముందు గుంటూరులో తొమ్మిదేళ్లు. సునీత హనుమకొండ అమ్మాయి, ముప్పై రెండేళ్లది, అడ్జంక్ట్. అంటే సెమిస్టర్‌కి ఇన్ని క్లాసులని ఒప్పందం మీద పాఠం చెప్పే మనిషి. పర్మనెంటు పోస్టు ఒకటి ఖాళీ అయింది. దానికి దరఖాస్తు చేయాలంటే ముగ్గురు సీనియర్ల పరిశీలన ఫారాలు కావాలి. మూడోది నాది.

ఆ అమ్మాయి అంటే నాకు గిట్టేది కాదు. ఇద్దరం ఒకే ఆల్జీబ్రా కోర్సు చెప్పేవాళ్లం, ప్రవేశ పరీక్షలో లెక్కలు తప్పినవాళ్ల కోసం పెట్టినది. ఫిబ్రవరి ఉమ్మడి పరీక్షలో ఆమె సెక్షన్ సగటు 74, నాది 66. నేను ప్రతి పేపరూ ఎర్ర సిరాతో అడుగడుగునా దిద్ది మరుసటి క్లాసులోనే తిరిగిచ్చేదాన్ని. ఆమె క్లికర్లు పంచేది. విద్యార్థి అరచేతిలో పట్టే మీట నొక్కితే ఎంతమంది ఏ జవాబు ఎంచుకున్నారో స్క్రీన్ మీద కనబడుతుంది. ఒకరోజు నా విద్యార్థే ఒకడు ఆమె సెక్షన్‌లో సీటుందేమో కనుక్కోమని నన్నే అడిగాడు. కనుక్కున్నాను. లేదని తెలిసి సంతోషించాను.

మార్చి 12, గురువారం ఆమె క్లాసుకు వెళ్లాను. "వెనక కూర్చోండి మేడమ్, ముందట కూర్చుంటే మీరే టీచరనుకుంటరు," అని నవ్వింది. నేను నవ్వలేదు.

స్క్రీన్ మీద (x + 3)² ఎంత అన్న ప్రశ్న, నాలుగు జవాబులు. 26 మందిలో 9 మందే సరైనది నొక్కారు. మిగతావాళ్లలో చాలామంది మధ్యలో రావలసిన 6x వదిలేసి x² + 9 అన్నారు. సునీత జవాబు చెప్పలేదు. పక్కవాళ్లతో వాదించుకోమంది. నర్సింగ్‌లో చేరాలనుకుంటున్న ఒక నడివయసు ఆవిడ x బదులు 1 పెట్టి చూసి, "నాలుగు నాలుగులు పదహారు. మరి నీకు పదెలా వచ్చింది?" అని పక్కవాణ్ణి నిలదీసింది. సునీత మళ్లీ నొక్కించింది. ఈసారి 22 మందికి వచ్చింది. నా వాచీ ప్రకారం పదకొండు నిమిషాలు.

"ఒక్క లెక్కకు పదకొండు నిమిషాలు. ఆ రోజుకు అనుకున్న ఐదు అంశాల్లో మూడే పూర్తి," అని రాసి, 'తృప్తికరం' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆ ఫారాల భాషలో తృప్తికరం అంటే పోస్టు రాదని. 9, 22 అన్న అంకెలు నా నోటుబుక్కులో ఉన్నాయి, ఫారంలోకి ఎక్కించలేదు. శుక్రవారం ఫారం ఆమెకు పంపాను. ఐదు పనిదినాల్లో ఆమె సంతకం చేసి తిరిగిస్తే నేను చైర్‌కి అందజేయాలి.

సోమవారం అదే ప్రశ్న చీటీల మీద నా క్లాసుకిచ్చాను. మావాళ్లు రెండు నిమిషాల్లో తేల్చేస్తారు, ఆ సంగతి చైర్ చెవిన వేయవచ్చు అన్నది నా ఉద్దేశం. 28 మందిలో 19 మంది x² + 9 అని రాశారు. ఆ 19 మందిలో 14 మంది పైన a² + 2ab + b² అని ఫార్ములా తప్పులేకుండా రాసి, దాని కిందే తప్పు జవాబు రాశారు.

గుంటూరు అలవాటు కొద్దీ నేను ఫార్ములాలు క్లాసంతటి చేత వల్లె వేయించేదాన్ని. పరీక్షలో ఫార్ములా రాస్తే ఒక మార్కు. ఆ మార్కు చూసి వాళ్లకు వచ్చిందనుకున్నాను. నేను దిద్దిన పేపర్లు ఏం చేస్తారని ఇద్దరు ముగ్గురిని అడిగాను. మార్కు చూసుకుని మడిచి పెట్టేస్తామన్నారు.

మంగళవారం సునీత ఫారం తెచ్చింది. అభ్యంతరాలు రాసే చోట ఏమీ రాయలేదు. సంతకం చేసింది.

"మీరు రాసింది నిజమే కద మేడమ్. నేనైతే తొమ్మిది నిమిషాలే అనుకున్న."

ఆ ఫారం రద్దు చేసి మరొకటి రాస్తానన్నాను.

"ఇంకేమన్న తప్పు దొరికిందా?"

"రాయనిది కొంత ఉంది."

రెండో ఫారంలో పదకొండు నిమిషాలు అలాగే ఉంచాను. 9, 22 చేర్చాను. అదే ప్రశ్నకు నా సెక్షన్‌లో 28 మందిలో 19 మంది తప్పు జవాబిచ్చారని కూడా రాశాను. 'చాలా బాగుంది' అన్న గడిలో టిక్కు పెట్టాను. దానిపైన 'ఉత్తమం' అని ఒక గడి ఉంది. అంత మనసు రాలేదు. మే నెలలో ఆమెకు పోస్టు వచ్చింది. ఆ తర్వాత కూడా విద్యార్థులు ఆమె సెక్షనే ముందు అడిగేవాళ్లు, నాకు కష్టంగానే ఉండేది. సెప్టెంబరులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్ నుంచి ఫార్ములాకు మార్కు ఇవ్వడం మానేశాను. తప్పు ఎక్కడుందో గుర్తుపెట్టి, మార్కు వేయకుండా పేపరు తిరిగిచ్చి, వాళ్లు సరిచేసి తెచ్చాకే మార్కు వేసేదాన్ని.

నా మొదటి ఫారంలో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా అది సునీతకు ఆ పోస్టు రాకుండా చేసేదే. పరిశీలనకు వెళ్లినవాళ్లు పాఠం ఎంతవరకు జరిగిందన్నది ఒక్కటే రాస్తే చాలదు. మొదట ఎంతమందికి రాలేదు, చివరికి ఎంతమందికి వచ్చింది అన్నది రాయాలి. నా సొంత క్లాసులో ఆ లెక్క నేను పదిహేడేళ్లు తీయలేదు.