మాస్టారి జీపుకి నూనె క్లచ్

ఎనభై నాలుగు వేసవిలో, నూజివీడు నుంచి ముసునూరు వెళ్లే రోడ్డు పక్కన బుచ్చయ్య షెడ్డు దగ్గర ఆగినవాళ్లంతా ఒకటే అడిగేవాళ్లు. "జీపుకి వ్యాను ఇంజను ఎక్కిస్తున్నావంటగా?"

బుచ్చయ్య తల ఎత్తేవాడు కాదు. "ఎక్కించడం అయిపోయింది. నడపడమే మిగిలింది."

అతను మామిడి తోటల్లో కూలిపని చేసుకునే ఇంట్లో పుట్టాడు. తండ్రి కాయ కోసేవాడు, తల్లి గడ్డి పరిచి కాయ సర్దేది. అతని పదమూడో ఏట తోటలో నీళ్లు తోడే ఆయిల్ ఇంజను ఆగిపోయింది. మేస్త్రీ రావడానికి రెండు రోజులు పడుతుందని పెద్దవాళ్లు చుట్టలు ముట్టించి కూర్చుంటే, వీడు పానా పట్టుకుని ఇంజను మొత్తం విప్పేశాడు. విప్పడం వచ్చింది గానీ బిగించడం రాలేదు. తన్నులు తిన్నాడు. మేస్త్రీ వచ్చి బిగిస్తుంటే కన్నార్పకుండా చూసి, ఆ పని కూడా పట్టేశాడు. ముప్పై అయిదేళ్లొచ్చేసరికి చుట్టుపక్కల ఏ తోటలో ఇంజను మొరాయించినా అతనికే కబురొచ్చేది.

అయితే బళ్లు మాత్రం అతని దగ్గరికి రాలేదు. "బావుల ఇంజన్లు చేసేవాడికి బళ్లేం తెలుస్తాయి" అనుకుంటూ జనం షెడ్డు ముందు నుంచే బెజవాడ పోయేవాళ్లు. పోతూ పోతూ దారి అడగడానికి అతని దగ్గరే ఆగేవాళ్లు. అది మరీ మండేది.

అలాంటిది లెక్కల మాస్టారు చలపతిరావు తన జీపు తెచ్చి అప్పగించాడు. మాస్టారికి రెడ్డిగూడెం దగ్గర మామిడి తోట ఉంది. వేసవి సెలవుల్లో ఆయనే ట్రైలరు తగిలించుకుని కాయ తోలుకునేవాడు. పెట్రోలు పోయలేక, ఎక్కడో వేలంలో పాత వ్యాను డీజిల్ ఇంజను గేరు బాక్సుతో సహా కొనుక్కొచ్చి, "ఇది జీపులో పెట్టాలయ్యా. పెట్టగలవా?" అన్నాడు.

"పెడతానండి."

"ఇంతకు ముందు పెట్టావా?"

"లేదండి. మీరు మాత్రం ఇంతకు ముందు పెట్టించారా?"

మాస్టారు నవ్వి తాళం ఇచ్చేశాడు.

ఇంజను కూర్చుంది. క్లచ్ దగ్గర వచ్చింది తంటా. ఇంజనుకీ చక్రాలకీ మధ్య పట్టు క్లచ్. పెడల్ తొక్కితే ఆ పట్టు వదలాలి, కాలు తీస్తే మళ్లీ పట్టుకోవాలి. జీపులో పెడల్ తొక్కుడు ఇనుప కడ్డీల మీదుగా క్లచ్‌కి చేరేది. కొత్త ఇంజనుకి క్లచ్ కదిపే చెయ్యి, అంటే మీట, రెండో పక్కనుంది. మధ్యలో ఇంజను అడ్డం. కడ్డీని మూడు వంకర్లు తిప్పి చూశాడు. ఇంజను ఊగితే కడ్డీ కూడా ఊగి, జీపు కుంటిగుర్రంలా ఎగిరింది.

"కడ్డీలు తీసిపారేస్తానండి. నూనె క్లచ్ కడతా. మీరు బ్రేకు తొక్కితే చక్రాల దాకా ఆ జోరు మోసేది నూనే కదా. ఇక్కడా అదే మోస్తుంది."

"కొత్త సెట్టు కొనాలా?"

"కొనే మాటైతే నేనెందుకండీ?"

పెడల్ కిందికి తుక్కులో పడున్న కారు మాస్టర్ సిలిండర్ తెచ్చాడు. తొక్కితే నూనెని తోసేది అదే. అవతల నూనె జోరుకి క్లచ్ చేతిని నెట్టడానికి పాత జీపు చక్రంలోని బ్రేకు సిలిండర్ ఒకటి తీసుకుని, దానికి రెండు నోళ్లుంటే ఒకటి లేతు మీద తిప్పించిన బిరడాతో మూసేశాడు. రెండిటినీ కలుపుతూ సన్న గొట్టం వేశాడు. ఇంజను ఊగే చోట రబ్బరు గొట్టం పెట్టాడు. చెయ్యి వెనక్కి రావడానికి సైకిలు సీటు స్ప్రింగు తగిలించాడు. లోపలి రబ్బరు వాషర్లు మాత్రం సుబ్బారావు స్పేర్ పార్టుల కొట్లో కొత్తవి కొన్నాడు. తన అలవాటు ప్రకారం అన్నిటినీ కలిపి ఓ రాత్రంతా కిరసనాయిల్లో నానేసి, శుభ్రంగా తోమి బిగించాడు. కిరసనాయిలు స్నానం చెయ్యని సామాను అతని షెడ్డులో ఇంజను ఎక్కదు.

నూనె పోశాక గొట్టంలో చిక్కిన గాలి తియ్యాలి. దానికి పెడల్ తొక్కేవాళ్లు ఒకరు కావాలి. బుచ్చయ్య భార్య నాగేంద్రమ్మ అన్నం కారియర్ తెచ్చింది. ఆమెనే ఎక్కించాడు.

"తొక్కు. పట్టు. ఆఁ, వదులు."

"నడిరోడ్డు మీద ఇదేం పనయ్యా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. తొక్కు."

"పోనీ కాస్త ముందుకి పోనిస్తావా, కూర్చున్నందుకు?"

"తొక్కవే తల్లీ!"

పెడల్ గట్టిపడింది. శుక్రవారం సాయంత్రం జీపు షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగింది. గేర్లు వెన్నలో కత్తి దిగినట్టు పడ్డాయి.

శనివారం పొద్దున మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని ముసునూరు వైపు తీశాడు. రెండు మైళ్లు హుషారుగా పోయింది. తర్వాత ఇంజను అరుస్తోంది గానీ జీపు కదలడం లేదు. కాలిన వాసన. అడుగు నుంచి పొగ. దారిన పోయే బస్సులో జనం కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి చూశారు.

"ఏంటయ్యా బుచ్చయ్యా, ఇదేనా నూనె మొయ్యడం?"

"మోసిందండి. దించడం మర్చిపోయినట్టుంది. చూస్తా."

మాస్టారు నవ్వలేదు. "సోమవారం కాయలోడుకి బెజవాడ లారీ వస్తుంది. అప్పటికి ఇది కాకపోతే ఆ లారీకే తాడు కట్టి జీపుని బెజవాడ లాక్కుపోతా. కాయ పండిపోతోంది, నీ ప్రయోగాలకి ఆగదు."

తాడు కడితే జీపు పోయేది నూజివీడు మధ్య నుంచే. ఇక ఆ తర్వాత అతని షెడ్డుకి బండి తెచ్చే మొనగాడు ఉండడు. చచ్చేదాకా తోట ఇంజన్లే. బుచ్చయ్యకి అది ఎవరూ చెప్పక్కర్లేదు.

జీపుని ఎలాగో షెడ్డుకి తోయించుకొచ్చి, ఆదివారం పొద్దున్నే మాస్టర్ సిలిండర్ విప్పాడు. గిన్నెలా ఉండే రబ్బరు వాషరు వేలితో లాగితే రావాలి. రాలేదు. పట్టకారుతో లాగితే ఊడొచ్చింది, మెత్తగా, లావుగా. పెడల్ వదిలినప్పుడు నూనె డబ్బాలోకి తిరిగిపోయే సన్న బెజ్జం ఒకటుంటుంది. ఉబ్బిన రబ్బరు దాన్ని మూసేసింది. నూనె వెనక్కి పోలేక, కాలు తీసినా క్లచ్ సగం తొక్కినట్టే ఉండిపోయి జారింది.

"సుబ్బారావు నాసిరకం అంటగట్టాడు" అని ఒక్క అరుపు అరిచాడు.

నాగేంద్రమ్మ వాషరు చేతిలోకి తీసుకుని వాసన చూసింది. "కిరసనాయిలు కంపు. స్టవ్వు డబ్బా మూతకి సైకిలు ట్యూబు ముక్క పెట్టావు చూడూ, అదీ ఇలాగే ఉబ్బి ఊడిరాలా? సుబ్బారావేం చేశాడు మధ్యలో?"

బుచ్చయ్య వాషరు లాక్కుని తనూ వాసన చూశాడు. ఇరవై ఏళ్లుగా కిరసనాయిలుతో కడిగినవన్నీ ఇనుమూ ఇత్తడీ. రబ్బరు సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు. చిన్నప్పుడు తిన్న తన్నులకంటే గట్టిగా తగిలింది.

"ఆ మాట శుక్రవారం చెప్పొచ్చుగా?"

"శుక్రవారం నోరెత్తనిచ్చావా? తొక్కు, వదులు అంటం తప్ప!"

సైకిలెక్కి సుబ్బారావు ఇంటికి పోయి, భోజనం ముందు నుంచి లేపి కొట్టు తీయించి, కొత్త వాషర్లూ రబ్బరు గొట్టమూ తెచ్చాడు. సిలిండర్లనీ సన్న గొట్టాన్నీ ఈసారి సబ్బునీళ్లతో కడిగి, వైశాఖపుటెండలో చుక్క తడి లేకుండా ఆరబెట్టాడు. వాషర్లకి ఆముదం రాసి వేలితో తోశాడు. ఆముదం రబ్బరుని ఏమీ చెయ్యదని సుబ్బారావే చెప్పాడు. కొత్త నూనె పోశాక నాగేంద్రమ్మ మళ్లీ ఎక్కి తొక్కింది. పొగ కక్కిన క్లచ్ ప్లేటు మాత్రం బతికిపోయింది, ఎక్కువ దూరం జారలేదు కాబట్టి.

సోమవారం తోటలో ట్రైలరు నిండా చిన్న రసాలు ఎత్తారు. లారీ కూడా నిండింది. మాస్టారు లారీ డ్రైవరుకి తాడు చుట్ట అందించి, "మా వెనకాలే రా" అన్నాడు. బుచ్చయ్య విననట్టు స్టీరింగు పట్టుకున్నాడు.

వాగు దాటాక గట్టు ఎక్కాలి. సగం ఎక్కేసరికి బుచ్చయ్య కావాలనే బ్రేకు తొక్కి జీపు ఆపేశాడు.

"ఎందుకాపావ్? ఇక్కడా?" మాస్టారు సీటు పట్టుకున్నాడు.

"ఇక్కడ కదిలితే ఇంకెక్కడైనా కదులుద్దండి."

ఫస్టు గేరు వేశాడు. మెల్లగా కాలు తీశాడు. బరువుకి జీపు ఒక్కసారి వణికి, ఒక్క అంగుళం కూడా వెనక్కి రాకుండా పైకి పాకింది. వాసన లేదు. గట్టు మీద మళ్లీ ఆపాడు, మళ్లీ కదిలించాడు. మూడోసారి ఆపబోతే వెనక లారీవాడు హారను మోత మోగించాడు.

"చాల్లేవయ్యా, వాడు మనల్ని గుద్దేసేట్టున్నాడు. పద!" అన్నాడు మాస్టారు.

నూజివీడు కాయల మార్కెట్లో లారీవాడు తాడు చుట్ట తెచ్చి మాస్టారి చేతిలో పెట్టి బెజవాడ వెళ్లిపోయాడు. చింతలపూడి నుంచి వ్యానులో కాయ తెచ్చిన ఇన్నయ్య అనే ఆసామి జీపు చుట్టూ తిరిగి, వంగి తన పొడుగు ముక్కు కింద పెట్టి చూశాడు.

"శనివారం ముసునూరు రోడ్డులో పొగ కక్కింది ఇదేగా? తుక్కు సామాను వేశావంట."

మాస్టారు కూడా బుచ్చయ్య వైపు తిరిగాడు. కమీషన్ కొట్టు దగ్గర నలుగురూ చెవులు రిక్కించారు. తప్పు తుక్కు మీదకి తోసేస్తే పోయేది.

"ఇదేనండి. సామాను తప్పు కాదు, నాది. రబ్బరుని కిరసనాయిల్లో నానేశా. బావి ఇంజన్ల అలవాటు."

"తప్పు నాదేననే మెకానిక్కుని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు ఇన్నయ్య.

"చెప్పకపోతే మీ బండికీ అదే చేస్తానని మీరు భయపడరా?"

"నా బండి సంగతి నేనేమన్నా ఎత్తానా?"

"జీపు కింద అంతసేపు చూశారుగా. మీ వ్యానుకీ క్లచ్ జబ్బే అయ్యుంటది. ఎక్కడ పెట్టారు?"

ఇన్నయ్య వేలు చూపించాడు. మాస్టారు "ముందు నా కాయ దించనివ్వవయ్యా!" అని అరుస్తూనే ఉన్నాడు. బుచ్చయ్య అప్పటికే చొక్కా విప్పి వ్యాను కిందికి దూరాడు.